ఏ చెట్టుదీ కాని ఆకు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
పాత ఎంసెట్ గైడ్ల కింద దొరికింది,
ఏ పుస్తకం నుంచో ఊడిపోయిన ఒక్క కాగితం.
నూట యాభై అన్నాడు. ఎనభైకి ఇచ్చాడు.
"బొమ్మేం లేదు కదమ్మా, ఆకులే" అన్నాడు జాలిగా.

ఆకులే.
మూడొందల ఏళ్ల కిందట ఏదో చలిదేశంలో
రాగిరేకు మీద ఎవరో చెక్కినవి.
పేరున్న మూలని చెదలు తినేశాయి.

నేను ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులకు బోర్డర్లు వేస్తాను.
ఒక పక్క తీగ గీసి, అద్దంలోలా తిప్పి, రెండో పక్క అతికిస్తాను.
పదకొండేళ్లుగా ఆ ఒక్క తీగనే
ఎన్ని లగ్నాల చుట్టూ పాకించానో.
ఆకులు నాకు తెలుసనే అనుకున్నాను.

ఇది ఏ చెట్టుది?
గోంగూర కాదు, ముల్లంగి కాదు,
బొప్పాయితో కాస్త చుట్టరికం ఉందేమో, అదీ అనుమానమే.
తొడిమ దగ్గర బుద్ధిగా మొదలై
సగం దూరం వెళ్లాక మనసు మార్చుకుని
వెనక్కి తిరిగి తన భుజం తనే చూసుకుంటుంది.
బోర్లించిన కడాయి మీద రుమాలీ రొట్టెలా
కొస జారి వేలాడుతుంది.
ఆ మడతలోంచి ఇంకో ఆకు, దాని నోట్లోంచి మరొకటి,
ఆపేవాళ్లు లేనప్పుడు మా మేనత్త మాటల్లా.

సోమవారం బుర్హాన్ సాబ్‌కి చూపించాను.
జింకు బ్లాకుల కాలం పోయి ఇరవై ఏళ్లయినా
వెనక గదిలో ఆయన ఉలులు
నూనెగుడ్డలో ఇంకా నిద్రపోతున్నాయి.
కంటికి భూతద్దం బిగించి వంగాడు.
ఇద్దరి చాయ్‌ల మీదా మీగడ కట్టింది.

"నలుపు ఎక్కడుందో చూపించు."
ఆకు కింది నీడ చూపించాను.
"అక్కడ నలుపు లేదు బేటీ. గీతలే."

భూతద్దం నా కంటికి మారింది.
వెంట్రుకలా బయల్దేరిన గీత
ఆకు పొట్ట దగ్గర నిండు నెలల మనిషిలా బరువెక్కి
వంపు దాటాక మళ్లీ చిక్కి
ఎక్కడ ఆగిందో చెప్పకుండా ఆగిపోయింది.
పక్కనే ఇంకోటి. పక్కనే ఇంకోటి.
ఏ రెండూ ముట్టుకోవు.

"చెయ్యి తిరగదు," అన్నాడు,
"రేకు తిరుగుతుంది."
ఇసక సంచి మీద పెట్టి, ఎడంచేత్తో,
అన్నం తినని పిల్ల మొహం తిప్పుకున్నట్టు మెల్లిగా.
పైగా అంతా తిరగేసి చెక్కాలట:
నాకు కుడి అయినది ఆ మనిషికి ఎడమ.

కుడివైపు లెక్కపెట్టాను, తొమ్మిది ఆకులు.
ఎడమవైపు ఎనిమిదే.
తొమ్మిదో చోట ఒక నత్త కూర్చుని ఉంది.
లెక్క తప్పి పెట్టాడా, సరదాకి పెట్టాడా?
బుర్హాన్ సాబ్ చెప్పలేదు.
నత్త కొమ్ము పక్కన ఉలి జారిన గీతొకటి
ఏ ఆకుకీ చెందకుండా తెల్లకాగితంలోకి వెళ్లిపోయింది.
ఆయన వేలు చాలాసేపు దాని మీదే ఉంది.
తన బొటనవేలి మీది పాత మచ్చ చూసుకున్నాడు.
తర్వాత మీగడ తీసేసి చల్లారిన చాయ్ తాగాడు.

మంగళవారం నాచారం వాళ్ల కార్డు.
కుడివైపు అయ్యాక, తిప్పే బటన్ దాకా వెళ్లిన వేలు
వెనక్కి వచ్చింది.
ఎడమవైపు చేత్తో గీశాను. గంటన్నర పట్టింది.
ఓనరు నా భుజం మీదుగా తొంగిచూసి
"సిస్టమ్ హ్యాంగయిందా?" అన్నాడు.

లేదన్నాను.
ముహూర్తం అంకెల కింద
ఆకు నీడలో కూర్చున్నదాన్ని
ఆయన ఇంకా చూడలేదు.