హాఫ్ ఫైవ్

పిటెన్‌వీమ్ రేవులో చేపల వేలం ముగిశాక
చేతికంటిన పొలుసులు ప్యాంటుకి తుడుచుకుంటూ
డూగల్ అన్నాడు:
"హాఫ్ ఫైవ్. ఐస్ ఫ్యాక్టరీ గోడ దగ్గర."
మాటల్లో పొదుపు ఆ ఊరి అలవాటు.
నడిమి 'పాస్ట్'ని మింగేస్తారు,
ఐదు దాటాక అరగంట అని ఎవరూ విడమర్చరు.

ఎమ్డెన్ నుంచి వచ్చిన వీబ్కె
ఆ రెండు ముక్కల్నీ తన భాషలోకి పట్టుకెళ్లి విప్పుకుంది.
అక్కడ ఐదు ఇంకా రాలేదు,
దాని వైపు సగం దూరం నడిచామంతే.
నాలుగున్నర.

గంటసేపు నిలబడింది.
తూర్పుగాలి స్కార్ఫుని నోట్లోకి కుక్కింది.
ఒక సీల్ నీళ్లలోంచి తలెత్తి చూసి మునిగింది, రెండుసార్లు.
వలలు బాగుచేసే ముసలాయన ఎవరికోసమని అడిగాడు,
చెబితే నవ్వలేదు,
కూర్చోమని చేపల పెట్టె బోర్లించి ఇచ్చాడు.
ఐదుంపావుకి ఏడుపు,
ఐదూ ఇరవై ఐదుకి జర్మన్లో ఒక తిట్టు.
సరిగ్గా సమయానికే వచ్చాడు డూగల్
తల దువ్వుకుని, ఏ పాపమూ ఎరగనట్టు.

ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో
ఆ గంట మూడో మనిషిలా ఇంట్లోనే ఉండిపోయింది.
కూర మాడితే "ఎవరి ఐదు ఇది?" అనేవాడు.
బోటు ఆలస్యమైతే
"నీ సగం ఏ పక్కది?" అనేది.
అతనిది దాటొచ్చిన సగం.
ఆమెది చేరాల్సిన సగం.

కిందటి ఫిబ్రవరిలో కిర్కాడీ ఆసుపత్రి నుంచి ఫోను:
"హాఫ్ ఫైవ్‌కి రండి, డాక్టరు మాట్లాడతారు."
ఈ దేశపు గడియారం ఎప్పుడో ఒంటబట్టిన మనిషి,
ఆ రోజెందుకో చెవి పుట్టింటికి వెళ్లిపోయింది.
నాలుగున్నరకే వెళ్లి నిలబడింది.
నర్సు టైము చెప్పబోయి
ఊరుకుని కుర్చీ జరిపింది.

గొప్ప మాటలేవీ జరగలేదు.
బోటుకి రంగు వేయించాలా అమ్మేయాలా అన్నాడు.
నీళ్లడిగాడు, రెండు గుక్కలు తాగాడు.
ఆమె ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుతూ తిప్పుతూ
నిద్రపోయాడు.
ఐదుకి పది నిమిషాలుండగా
ఊపిరి లెక్కపెట్టడం మానేసింది.

డాక్టరు సమయానికే వచ్చారు.
ఐదున్నరకి.

నిన్న బాయిలర్ బాగుచేసే కుర్రాడు ఫోన్లో
"హాఫ్ టెన్‌కి వస్తానండీ" అన్నాడు.
ఏ సగమో వీబ్కెకి తెలుసు.
తొమ్మిదిన్నరకే వీధితలుపు తీసి
ఎదురుగా కుర్చీ వేసుకుంది.
ఇల్లంతా చలి.
అయినా.