పన్నెండు ఎవరిది

ఆకివీడులో మోటారు వైండింగు షాపు మీద గది.
కింద తాతబ్బాయి ఏరియేటరు మోటారుకి రాగితీగ చుడుతున్నాడు,
పైన నేను సంతకాలు పెడుతున్నాను.

పద్నాలుగు ఫైళ్లు. రొయ్యల చెరువుల లెక్కలు:
మేత ఎంత, ముప్పై కౌంటు ఎంతకి పోయింది, ఐసు బాకీ ఎవరిది.
తెల్లారేసరికి షెడ్లన్నిటిలో ఎక్కాలి.
నా సర్టిఫికెట్టు ఈ రాత్రి పన్నెండుకి చచ్చిపోతుందని మెయిలొచ్చింది.

సంతకం నాదే. తాళంచెవి నాదే.
ఎప్పుడు పెట్టానో చెప్పుకునే హక్కే నాకు లేదు.
ఊరూ పేరూ తెలియని ఏదో సర్వరు
అవును, ఇన్ని గంటలకే, అని ముద్ర కొడితే
సర్టిఫికెట్టు పోయినా సంతకం బతుకుతుంది.
అది పలకదే!

ముందు కరెంటుని తిట్టాను, తర్వాత కేబులు దానియేలుని.
ఫోను నెట్టు పెడితే ఆరు ఫైళ్లకి పలికి
ఏడోదానికి నోరు మూసుకుంది.
కంప్యూటరు గడియారం ఎనిమిది నిమిషాలు వెనకుంది.
అది తప్పే, కానీ ఆ తప్పు కాదు.
అడ్రసు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.
ఫైర్‌వాల్ తీసేశాను, భయమేసి మళ్లీ పెట్టాను.

టీ పట్టుకుని పైకొచ్చాడు తాతబ్బాయి.
"అన్నీ ఒక్కసారే అడుగుతున్నారా ఏంటండీ?
మా మావయ్య కాలవ లాకు దగ్గర చేసేవోడు.
ఇరవై పడవలు కలిసి కేకేస్తే చుట్ట ముట్టించి కూచునేవోడు.
ఇటు నీళ్లూ అటు నీళ్లూ సమానం అవ్వాలి గదండీ.
ఒక్కో పడవా దాటాక రిజిస్టర్లో టైము ఎక్కించేవోడు,
పడవోడి టైము కాదండోయ్, లాకు గోడ మీది టైము."

రెండు లైన్లు మార్చాను.
ఒక ఫైలు. పదహారు సెకన్లు ఊరుకోవడం. ఇంకో ఫైలు.
ఆ ఊరుకున్నప్పుడే వినబడింది
చెరువుల మీద ఏరియేటర్లు నీటిని కొడుతున్న చప్పుడు.
ఏడు. ఎనిమిది. పదకొండు దగ్గర ఒకసారి తడబడి, మళ్లీ పలికి,
పద్నాలుగు. పదకొండు గంటల యాభై రెండు.

ముద్ర విప్పి చూశాను.
సాయంత్రం ఆరూ ఇరవై రెండు, అంటోంది.
వాళ్ల గోడ గడియారం మనకి ఐదున్నర గంటలు వెనక.
మెయిలు మళ్లీ తెరిచాను.
అందులో పన్నెండు కూడా వాళ్ల పన్నెండే.
తెల్లవారుజామున ఐదున్నర దాకా బతికే ఉన్నానన్నమాట,
ఈ పరుగంతా ఉత్తిపుణ్యానికి.

"దాటిందాండీ?" కిందనించి అడిగాడు.
"దాటింది" అన్నాను.
మిగతాది చెప్పలేదు.