పాల లెక్క

పత్తికొండలో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతాదన్నాడు కండక్టరు.
టైరు మార్చాలంట.
నేను దిగినా.

ఇల్లుండాల్సిన చోట రోడ్డుంది.
మధ్యలో గన్నేరు మొక్కలు, ఇటొకటి అటొకటి దారి.
నేను పుట్టిన గది మీద లారీ ఒకటి
ఉల్లిగడ్డలేసుకోని ఆదోని దిక్కు పోతా ఉంది.

ఒక గోడ మిగిలింది.
కొలిచేవాళ్ళ టేపు అక్కడికే ఆగిందేమో.
వంటింటి గోడ, దాని లోపలి ముఖం,
ఇప్పుడు ఊరందరికీ ఎదురుగా నిలబడింది
కొంగు సర్దుకునేలోపే తలుపు తీసేసిన ఆడమనిషి మాదిరి.

చవుడు మిద్దె మాది.
నడిమింట్లో గవాచి. మధ్యాన్నం అందులోంచి ఎండ
తాడు మాదిరి దిగేది. ఆ తాడు పొడుగునా
నాయిన ఏకిన దూది నలకలు ఎక్కతా దిగతా ఉండేవి.
వాన మొదలైతే మిద్దెక్కి బండ మూసేది నా పని.
ఇప్పుడు మూసేదానికేం లేదు.
ఇల్లంతా గవాచే.

గోడ మీది పసుపు మా తర్వాతోళ్ళది.
అది పెచ్చులూడిన చోట మా నీలం, నీలం కింద సున్నం,
మళ్ళా నీలం. ఏడాదికొక పీర్ల పండగ.
నీలిమందు కలిపిన మా యమ్మ అరచేతులు చూసి
ఆ చేత్తో అన్నం పెట్టొద్దని
వారం దినాలు ఏడ్చేదాన్నంట.

గోడకు రేకు దించి, కింద బండి. ఉగ్గాని, బజ్జి.
దీపం గూట్లో ఉప్పు డబ్బా, అగ్గిపెట్టె,
ఎవురిదో ఆధార్ కార్డు జిరాక్సు.
గూటి పైన మసి మాత్రం మాదే.
సందులో తెల్లగా ఏదో కనపడితే
దూదేమోనని లాగినా.
సాలెగూడు.

"ఏం కావాలమ్మా?"
కౌలుట్లయ్య అని బండి మీద పేరుంది.
ఏం కావాలో నాకూ తెలీలేదు.
ఒక ప్లేటు ఉగ్గాని అన్నా.

తింటా చూసినా, గోడ మీద బొగ్గు గీతలు.
మెకానిక్ రాజోలి, నాలుగు. హోంగార్డు, తొమ్మిది.
పొట్టి సారు, చాన్నే ఉన్నాయి.
వాటికి కింద, పొయ్యి ముందర
కూర్చున్న మనిషికి చేయందేంత ఎత్తులో
పదకొండు. ఐదింటికొకసారి అడ్డం కొట్టి.

అవి నాకు తెలుసు.
సుంకులమ్మ పోసిన పాలు, పూటకు పావు.
పన్నెండో గీత పడాల్సిన పొద్దుకు
మేము గుంతకల్లు రైల్లో ఉన్నాం,
దూదేకే విల్లు దుప్పట్లో చుట్టుకోని,
ఎవురికీ చెప్పకుండా.

"వీటిని తుడిచెయ్యలేదేం?" అంటి.
"ఎవురిదో బాకీ కదమ్మా.
నేను పెట్టింది కాదు, నేనెట్ల కొట్టేస్తా?"
అని బజ్జి తిప్పినాడు.

సుంకులమ్మ ఉందా అని అడగబోయినా.
ముప్పై ఒక్క ఏండ్లు. అప్పటికే ఆమెకు పండ్లు లేవు.
అడగలేదు.

ఐదువందల నోటు తీస్తే చిల్లర లేదన్నాడు.
ఫోన్లో వేద్దామంటే స్కానరు నూనె జిడ్డుకు పలకలేదు.
బస్సు హారన్ కొడతా ఉంది.
"పోనీలే తల్లీ, మళ్ళొచ్చినప్పుడు ఇద్దువు. పేరేం?"

"మాబున్ని."

పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి
పైన జాగా ఎక్కడుందా అని వెతికి, లేక,
మోకాళ్ళ మీద చేయేసి వంగి
ఆ పదకొండింటి పక్కన
ఒక గీత గీసినాడు.

ఉరికి బస్సెక్కితే
టైరు ఇంకా మార్చనే లేదు.
డ్రైవరు హారన్ పని చేస్తాదో లేదో చూసినాడంట.
నేను మళ్ళా దిగలేదు.