టోపీడు మట్టి

నలభై రెండు మొక్కలు నాటాం
ఉప్పుమైదానం అంచున,
గాలి మనిషిని పక్కకి నెట్టి మాట్లాడే చోట.
తోలా అంటారు ఆ పొదని.
మోకాలెత్తు. జిడ్డు ఆకులు.
వాసన, ఇప్పుడే ఆర్పిన పొయ్యిలా.
ఒరూరో నర్సరీలో, ఆవిరి పట్టిన మట్టిలో
రోగమంటే ఏమిటో తెలియనివ్వకుండా పెంచాం.
నెల తిరక్కుండా ముప్పై చచ్చాయి.

నీళ్ళు చాలలేదన్నాడు రెమీహియో.
నేను మంచు అన్నాను, రిపోర్టులోనూ అదే రాశాను.
సెనోవియా ఎండినదాన్నొకదాన్ని పెరికి
వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.
"దీనికి చుట్టాలెవరూ లేరు," అంది.

ఆ పొలం ఆమెదే.
కినోవాకి ధర పలికిన ఏళ్ళలో
ట్రాక్టరు పిలిపించి
తోలాని కూకటివేళ్ళతో పెకిలించి
ఉయుని రొట్టెల బట్టీకి లారీలెక్కించింది.
ఆ డబ్బు ఇంటిమీద రేకులై మెరిసింది.
"మంట బలే ఉండేదిలే," అంటుంది,
ఆ ముక్క దాచుకోదు.
తర్వాత ధర పడింది.
తర్వాత ఇసుక లేచింది,
రాత్రంతా నడిచొచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకుంటే
తెల్లారి పారతో లేపాల్సొచ్చేది.

నాకు తెలిసిందల్లా గాజుపలక మీది సంగతి.
వేరుని క్షారంలో ఉడికిస్తాను, రంగంతా పోయేదాకా.
వెనిగరులో పెన్నుసిరా కలిపి ముంచుతాను.
అప్పుడు బయటపడుతుంది శిలీంధ్రం,
వెంట్రుకలో పదోవంతు పోగులుగా, నీలంగా,
వేరుగోడ దాటొచ్చి
ఒక్కో గదిలో ఒక్కో చెట్టై కొమ్మలేసి.
ఆకుల్లేవు. పిట్టల్లేవు.
రాతినుంచి భాస్వరం మోసుకొస్తుంది,
ఆకు వండిన చక్కెర పట్టుకుపోతుంది.
వేరు ఎక్కడ ఆగిందో
వేరేది ఎక్కడ మొదలైందో
గీత గియ్యమంటే నా వల్ల కాదు.

కినోవా దాన్ని గడప తొక్కనివ్వదు,
ఆ వంశమే అంత.
ఎనిమిదేళ్ళు ఆ నేలలో కినోవా ఒక్కటే.
ఎనిమిదేళ్ళు అన్నం పెట్టే ఇల్లు లేక
పోగు పోగూ తెగిపోయి ఉంటుంది.
ఇదంతా నేను చదువుకున్నాను.
సెనోవియా చదవలేదు.

రాళ్ళదడి అవతలికి నడిచిందామె.
ట్రాక్టరు తిరగలేని వాలులో
మిగిలిపోయిన ముసలి తోలా ఒకటి.
మొదట్లో మూడు కోకా ఆకులు పెట్టి
కాసింత సారా నేలకి ఒంపింది.
అడిగి తీసుకోవాలట.
వంగిన చెంచాతో తవ్వింది.
జల్లిస్తే ఆ మట్టిలో
ఆవగింజలో పదోవంతు పసుపు పూసలు దొరుకుతాయి,
వాటిలో నిద్రపోతుంటుంది అదంతా.
ఆమె జల్లించలేదు. వేళ్ళమధ్య నలిపి,
ఊఁ, అంది.
సంచీ తెస్తానని జీపువైపు కదిలాను.
అప్పటికే తలమీది ఉన్నిటోపీ తీసి
అందులోకి ఎత్తుతోంది.

మూడుసార్లు తిరిగింది ఆ వాలులో.
నాలుగోసారి తవ్వనివ్వలేదు,
"ముసలిదానికీ ఉండాలిగా," అంది.
ముప్పై కొత్త గుంటలు, గుంటకి పిడికెడు.
చివరి పదకొండింటికి అందలేదు.
ఏవో గుర్తుపెట్టి రాసుకున్నాను,
పోల్చడానికి పనికొస్తాయని,
రాస్తుంటే కొంచెం సిగ్గేసింది.

రెండు చలికాలాలు గడిచాయి.
ఆ ముప్పైలో పదహారు బతికాయి.
అందులో మూడు, మట్టి అందనివి.
పక్కింటి పోగులే వెతుక్కుంటూ వచ్చాయో,
గాలే తెచ్చి పడేసిందో,
నా పట్టికలో ఆ గడి ఖాళీగానే ఉంది.

నిన్న వెళ్ళేసరికి
గోడనీడన లామా ఉన్ని వడుకుతోంది.
తలమీద అదే టోపీ,
అంచుమడతలో ఎండిన మట్టి.
దులుపుకోలేదేం, అన్నాను.
కదురు ఆపకుండానే
దడి ఇవతల ఖాళీ నేలకేసి
గడ్డం ఎత్తి చూపించింది.