పదో పేరు

శనివారం నాలుగింటికల్లా ఇవ్వాలి ఫారం.
నాలుగు గళ్లు, నాలుగు ఎలెక్టివ్‌లు.
మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.
నలిగింది కాగితమే,
నా మనసు ఎటూ మడత పడలేదు.

తార్నాకలో చాయ్ తాగుతూ తహసీన్ అంది:
"విపత్తు నిర్వహణ తీసుకోవే, హాజరు వాళ్లే వేస్తారు,
వద్దన్నా పడతాయి మార్కులు."
నిజమే. క్లాసంతా అటే పరుగు,
సీట్లు ఖాళీగా ఉన్న సిటీ బస్సు కనబడినట్టు.

అమీర్‌పేట కోచింగాయన గోడ మీద
ఏ చాప్టర్‌కి ఎన్ని మార్కులో రాసి పెట్టాడు
కిరాణా కొట్టు ధరల పట్టీలా.
"అవి చాలు, మిగతాది నీకెందుకమ్మా" అంటాడు.

నాకేం కావాలో నాకు తెలుసు, పైకి అనడానికే సిగ్గు.
నీళ్ల మీద ఎం.టెక్. చెయ్యాలి.
నాచారంలో ట్యాంకరు వచ్చే పూట
బిందెల వరుసలో నిలబడి పదో క్లాసు చదివినదాన్ని.
పైపు ముందుగా ఎందుకు దగ్గుతుందో,
ఆఖరి ఇంటికొచ్చేసరికి ధార ఎందుకు సన్నబడుతుందో
ఎవరూ చెప్పలేదు.
ఎప్పుడొస్తాయన్నదే అందరి ప్రశ్న.

కానీ ఆ దారికి అడ్డంగా లెక్కలున్నాయి.
మూడో సెమిస్టర్‌లో నన్ను పడేసినవి.
పాక్షిక అవకలన సమీకరణాలు:
పేరు చదివేలోపే ఊపిరి అయిపోతుంది.
రెండోసారి రాసి, నలభై తెచ్చుకుని,
ఆ నోట్సు కోఠీలో పాత పుస్తకాలాయనకి అమ్మేశాను.
తూచాడు.
నా భయం కిలో ముప్పావు.

ఇప్పుడు మళ్లీ అదే గుమ్మం.
న్యూమరికల్ మెథడ్స్, పొద్దున ఎనిమిదింటికి, సుగుణాకర్ సారు.
నవ్వని మనిషి.
సుద్దముక్కని గోటి దాకా అరగదీసి
మిగిలిన పిసరు జేబులో వేసుకుంటారు.

శుక్రవారం ఎందుకో హైడ్రాలిక్స్ ల్యాబుకి వెళ్లాను.
అటెండరు ఎల్లేశం ఒక్కడే, టిఫిన్ డబ్బా కడుక్కుంటూ.
"ఏందమ్మా, ఇయ్యాల ప్రయోగం లేదు గద?"
ఫారం చూపించాను.
చదవలేదాయన.
చేతులు తుడుచుకుని మోటరు వేశాడు.

అద్దాల కాలువలో నీళ్లు
పల్చగా, తొందరగా, చప్పుడు లేకుండా ఉరికాయి.
చివరన గేటు కాస్త ఎత్తాడు.
నడిమధ్యలో ఎక్కడో
నీళ్లు ఆగి, తలెత్తి, నురగ కక్కుతూ
తమ మీదికి తామే ఎక్కాయి.

"దుంకింది సూడు.
ముప్పై ఏండ్ల సంది సూస్తున్న.
యాడ దుంకుతదో సార్లు కాగితం మీద ముందే గీస్తరు,
జానెడు అటో ఇటో, ఆడనే దుంకుతది.
ఎట్ల దెలుస్తదో నాకెవ్వలు చెప్పలే."

నాకూ తెలీదు.
"తెలుసుకుని చెప్తా" అనేశాను, నోరు జారి.
అక్కడే, తడి బల్ల మీద,
మొదటి గడిలో పెన్నుతో రాశాను.

శనివారం ఆఫీసులో పుష్పవల్లి మేడమ్
కళ్లద్దాలు పైకి తోసుకుంది:
"పదిమంది లేకపోతే ఈ కోర్సు నడవదమ్మా.
నీతో కలిపి ఐదుగురు."

గంటన్నర ఉంది.
హాస్టల్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో.
ఆశ్రిత "ఎనిమిదింటికా!" అని దుప్పటి ముసుగేసి
ముసుగులోంచే సంతకం పెట్టింది.
ఇద్దరు మెస్సులో పెరుగన్నం చేత్తోనే రాశారు,
కాగితానికి ఆవకాయ మరక.
తహసీన్ తిట్టింది, సగం ఉర్దూలో, సగం తెలుగులో,
తిడుతూనే విపత్తు కొట్టేసి
నా విపత్తులో చేరింది.

తొమ్మిది.
ఇంకా పదకొండు నిమిషాలు.
డిపార్ట్‌మెంట్ మెట్ల మీద కూలబడ్డాను.

సైకిల్ తాళం తీస్తున్న ఎల్లేశం ఆగాడు.
"ఎంతమంది తక్కువ?"
"ఒక్కరు."
చొక్కా జేబులోంచి పెన్ను తీసి
మూత పంటితో పీకి
నవ్వకుండానే అడిగాడు:

"నా పేరు రాస్తే నడ్వదా?"