ముందు దీపం ఆర్పాలి

మడుగు మలుపులో పడవ మోటారు వినబడగానే
ముందు దీపం ఆర్పాలి.
పొయ్యిలో బొగ్గుల మీద నీళ్లు చల్లాలి,
చుయ్‌మని అవి తిట్టినా సరే.
పక్కింటి తాసీ గోడ మీద కూచుని చుట్ట కాలుస్తుంటే
"అక్కా, మావాడొస్తున్నాడు" అంటే చాలు,
లేచి అవతలి వీధికి పోతుంది.

సెజ్రో చీకట్లోంచి వస్తాడు,
మనిషి కంటే ముందు వాసన వస్తుంది.
నైజీరియా సరిహద్దు దాటిన పెట్రోలు,
నలభై క్యాన్లు. మూత కారే క్యాను ఒకటి ఎప్పుడూ ఉంటుంది.
అది అతని ఎడమ తొడ మీదే కారుతుంది ఎందుకో.

చొక్కా పెరట్లోనే విప్పాలి. వెంటనే నీళ్లలో ముంచకూడదు.
తొందరపడి సబ్బు రుద్దితే మరక లోపలికి దిగి
ఇల్లరికపల్లుడిలా తిష్ట వేస్తుంది.
మామిడి కొమ్మకు తగిలించి రెండు రోజులు గాలికి వదిలెయ్యాలి.
ఆ తర్వాతే కర్రపెండలం పిండి చల్లడం, దులపడం,
చన్నీళ్లు, నల్ల సబ్బు, మళ్లీ చన్నీళ్లు.
ఇస్త్రీపెట్టె ఆ బట్టకు ఆమడ దూరం.

ఒంటికి వేరే లెక్క.
ముల్లును ముల్లుతో తీసినట్టు
నూనెను నూనెతోనే తియ్యాలంది మా అత్త.
ఎర్రటి పామాయిల్ దోసిట్లో పోసుకుని
ముందు వేళ్ల సందులు, గోళ్ల కింద,
తర్వాత తొడ.
అక్కడ చర్మం పొక్కి ఉంటుంది.
నేను మెల్లగా రాస్తాను, అతను పళ్లు బిగిస్తాడు.
ఎంత గిట్టిందని అడగను.
ఈసారి దారిలో ఎవరి పడవ అంటుకుందనీ అడగను.
బూడిద సబ్బు, చెంబుల కొద్దీ నీళ్లు, నిమ్మచెక్క.
"ఇంకా వస్తోందా?" అంటాడు, అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టి.
"లేదు" అంటాను.
దీపం మాత్రం వెలిగించను.

చల్లారిన మొక్కజొన్న సంకటి తడుముకుంటూ తింటాం.
ఫిఫామే అప్పటికే నిద్రలో ఉంటుంది. దానికి నాలుగేళ్లు.
మీ నాన్న ఎలా ఉంటాడే అని తాసీ అడిగితే
గట్టిగా కళ్లు మూసుకుని చూపించిందట.

ఈ వానల్లో సెజ్రో పడవ అమ్మేశాడు. ఎందుకో చెప్పలేదు.
అతనితో తిరిగే దోనా పదిహేను రోజులుగా కనబడ్డం లేదని
బజార్లో ఉప్పు కొంటూ విన్నాను.
రెండూ నేనే కలుపుకున్నాను.
ఇప్పుడు రేవులో పచ్చి చేపల గంపలు మోస్తున్నాడు.
మోచేతుల దాకా పొలుసులు.
ఉప్పుకీ నిమ్మకాయకీ లొంగే వాసనే అది,
ఒక్క పూటలో పోతుంది.

నిన్న పొద్దుగూకాక గుమ్మంలో అడుగుల చప్పుడు.
కుండ ఉడుకుతోంది, చేతిలో గరిటె ఉంది,
నాకు తెలియకుండానే దీపం ఊదేశాను.
"ఎందుకార్పావు?" అన్నాడు.
పొయ్యి వెలుగులో ముందు అతని పళ్లు కనబడ్డాయి,
తర్వాత గడ్డం, గడ్డంలో తెల్లవి మూడో నాలుగో,
ఎప్పుడొచ్చాయో అవి.
ఫిఫామే వెళ్లి అతని చెయ్యి పట్టుకుని వాసన చూసింది.
"చేప" అంది, నా వైపు తిరిగి, ఫిర్యాదులా.

"వెలిగించు" అన్నాడు సెజ్రో.

అగ్గిపుల్ల గీయడానికి
నాకు మూడుసార్లు పట్టింది.