ముక్కు మట్టం

మీటరు గుచ్చి
నేనింకా అంకె చెప్పకముందే
సూరాడ దానమ్మ పుక్కిలించి ఉమ్మింది:
"గెడ్డెంట ఒచ్చీసింది సముద్రం.
గంజికి ఉప్పెయ్యక్కర్నేదు, సూసుకో."

మూడు వేల నాలుగొందలు. రాసుకున్నాను.
గంజి సంగతి రాసే గడి ఫారంలో లేదు.

పదకొండేళ్లుగా ఇదే నా ఉద్యోగం.
పలాసలో రైలు దిగడం,
జీడితోటల్లో ఆటో, ఆపైన ఇసకలో నడక,
చెప్పులు చేత్తో పట్టుకుని, సంచిలో క్లోరిన్ బిళ్ళలు.
నా లెక్కలో ఈ ఊరికి నలభై రెండు మరుగుదొడ్లు.
ముప్పయ్యింటిలో వలలున్నాయి.
మొదట్లో కోప్పడ్డాను.
"తుపానుకి ఎగిరిపోనిది ఊళ్ళో ఆ గదొక్కటేనండి,
వల పోతే తిండేటి?" అన్నాడు లోకనాథం.
జవాబు ఇంకా వెతుకుతున్నాను.

కొత్త బోరుకి అరుగు ఎంతెత్తని ఇంజనీరు అడిగితే
నేను వరద పటం విప్పాను.
దానమ్మ మనవరాల్ని పిలిచి బడిగోడకి నిలబెట్టింది.
"ఆ రేత్రి దీనమ్మ ఈ గుంటంతే ఉండీది.
నీలు ముక్కుకాడికొచ్చి ఆగాయి.
ఇక్కడ గియ్యి బాబూ."

బొగ్గుముక్క ముక్కుని తాకగానే
గుంట కిసుక్కుమని కదిలింది.
గీత వంకరపోయి
నుదుటి దాకా పాకింది.

చెరపబోతుంటే ఆపాను.
ఆ పై కొసకే కట్టండి అరుగు.
నాలుగు బస్తాల సిమెంటు ఎక్కువవుతుంది,
ఏ పద్దులో చూపాలో
రాత్రి పలాస లాడ్జిలో
ఫ్యాను కింద కూర్చుని
ఏదో ఒకటి అబద్ధమాడతాను.